పళ్ళ డాక్టరు గారి విమానం

పళ్ళ డాక్టరు విమానం కొన్నాడు. అద్దెకు తీసుకోవడం కాదు, నలుగురితో కలిసి వాటా వేసుకోవడం కాదు. సొంతంగా, తాళంచెవి తన జేబులో ఉండేలా కొన్నాడు. ఒకే ఇంజను, నాలుగు సీట్లు, తెల్లటి ఒళ్ళు, ముక్కు నుంచి తోక దాకా సన్నటి నీలి చార. సంగతి తెలిసిన రోజు వీధిలో సగంమంది నమ్మలేదు. నమ్మిన సగంమంది, పళ్ళు పీకడంలో ఇంత ఉందా అని ముక్కున వేలేసుకున్నారు.

ఆయనకు యాభై మూడేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా మనుషుల నోళ్ళలోకి చూస్తున్నాడు. పొద్దున తొమ్మిదింటికి దీపం వేసుకుని, చిన్న అద్దం పట్టుకుని వంగితే, సాయంత్రం నడుము ఎత్తేదాకా ఆయన చూపు జానెడు దూరం దాటేది కాదు. నలభై తొమ్మిదో ఏట కళ్ళ డాక్టరు పరీక్షించి, "రోజూ కాసేపు దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండండి, కళ్ళకు మంచిది" అన్నాడు. ఇంకొకరైతే మేడెక్కి చెట్లు చూసేవారు. ఈయన వెళ్ళి ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బులో చేరాడు.

క్లబ్బు విమానాలు ముసలివి. సీటు ముందుకు జరిపితే వెనక్కి రాదు, వెనక్కి జరిపితే ముందుకు రాదు. తలుపు సందులో ఎప్పుడూ ఎవరిదో కాఫీ కప్పు. వారం ముందే పేరు రాయించుకోవాలి. కొండల మీద వెలుగు బాగుంది, ఇంకో పావుగంట ఉందామనిపిస్తే, కింద తరవాతి మనిషి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటాడు. రెండేళ్ళు అలా ఎగిరి లైసెన్సు తెచ్చుకున్నాక, ఒక ఆదివారం పొద్దున కాఫీ దగ్గర భార్యతో మాట కదిపాడు.

"మనం రెండో ఇంటికని ఒక స్థలం కొన్నాం కదా."

"కొన్నాం."

"మనకి రెండో ఇల్లెందుకు? ఉన్న ఇల్లే ఊడ్చలేక చస్తున్నాం."

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. చుట్టూ తిప్పి చెప్పే జవాబులు వినీ వినీ ఆరితేరిన మనిషి. "ఊడ్చేదీ నేనే, చచ్చేదీ నేనే. అసలు సంగతి చెప్పండి" అంది.

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతలు విప్పీ విప్పీ నలిగిపోయిన విమానం బొమ్మ. లోపల పాత గడియారాల్లాంటి ముళ్ళేమీ లేవు. ఈ చివర నుంచి ఆ చివరకు రెండు పెద్ద తెరలు. కిందున్న కొండలు, ముందున్న వాన, ఇంజను వేడి అన్నీ వాటిలోనే కనిపిస్తాయని చెప్పాడు. తనంతట తానే తిన్నగా పోయే ఆటోపైలట్ ఉంది. ఇంజను ఆగిపోతే విమానం మొత్తాన్ని మోసుకుని మెల్లగా కిందికి దించే పారాచూట్ కూడా ఉంది. చెబుతున్నంతసేపూ ఆయన మొహం, పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

"సరే, కొనుక్కోండి. కానీ నన్ను మాత్రం ఎక్కమనకూడదు."

ఎత్తంటే భయమేమీ లేదు ఆమెకు. భయమల్లా ఆయనతోనే. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మొగుడు కారు వెనక్కి తిప్పడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. దారి తప్పానని ఒప్పుకోడు, ఎవర్నీ అడగడు, ముందుకే పోతాడు. ఒకసారి తోటి టీచరు ఇంటికి భోజనానికి వెళుతుంటే రోడ్డుకు అడ్డంగా 'పని జరుగుతున్నది' అని బోర్డు కనిపించింది. "తీయడం మర్చిపోయుంటారు" అని పక్కనుంచి పోనిచ్చాడు. వంద గజాలు పోయాక అప్పుడే పోసిన కాంక్రీటులో ముందు చక్రాలు రెండూ దిగబడ్డాయి. పనివాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి తిట్టిన తిట్లు ఆమెకింకా గుర్తే. అలాంటి మనిషితో, బోర్డులే లేని ఆకాశంలోకా?

ఆమె ఎక్కనన్నా ఇంట్లో ఇంకొకరు ఎక్కారు. డాక్టరు తల్లికి ఎనభై ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో మూడు మెట్లెక్కడానికే మూడుసార్లు ఆగే మనిషి, కొడుకు విమానం తెచ్చిన మూడో రోజే రెక్క మీదినుంచి లోపలికెక్కి కూర్చుంది. ఎక్కించడానికి మెకానిక్కు ఒక పక్క, కొడుకు ఒక పక్క. తలమీద పైకప్పుకు ఉన్న ఎర్ర పిడిని చూసి ఆవిడ సంచి తగిలించబోతే కొడుకు కేక పెట్టాడు.

"అమ్మా, అది లాగకు! అది పారాచూట్."

"మరి ముందే చెప్పొద్దట్రా? బట్టలు తగిలించుకోడానికేమో అనుకున్నా."

అరగంట తిరిగొచ్చాక ఆవిడ వారం రోజులు ఇంకో మాట మాట్లాడలేదు. "అమ్మాయ్, మన మేడ మీద నీళ్ళ ట్యాంకు మూత తెరిచే ఉంది. పైనుంచి చూశాను" అని కోడలికి చెప్పింది. వెళ్ళి చూస్తే నిజంగానే తెరిచి ఉంది. అప్పట్నుంచి వీధిలో ఎవరి మేడ మీద ఏముందో ఆవిడ దగ్గర సమాచారం దొరికేది.

డాక్టరు మాత్రం మాట తప్పలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా రమ్మని భార్యని అడగలేదు. బుధవారం మధ్యాహ్నాలు క్లినిక్కు మూసి, విమానం ఉంచే షెడ్డుకు వెళ్ళేవాడు. కొన్ని రోజులు ఎగిరేవాడు కాదు కూడా. రెక్కలు తుడుచుకుని, సీట్లో కాసేపు కూర్చుని, పుస్తకం చదువుకుని వచ్చేవాడు. "అదేం సరదా?" అని ఆమె అడిగితే ఆలోచించి చెప్పాడు. "ఇప్పుడు లేచి వెళ్ళాలంటే వెళ్ళొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అది తెలిశాక వెళ్ళకపోయినా బాగానే ఉంటుంది." అలాంటి రోజుల్లో ఇంటికొచ్చాక ఆయన నెమ్మదిగా అన్నం తినేవాడు, అడక్కుండానే గిన్నెలు కడిగేవాడు. విమానం మీద ఆమెకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది అప్పుడే.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. కొండల అవతలి ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు. కారులో ఏడు గంటల ప్రయాణం కాబట్టి ఏడాదికోసారి కలుసుకోవడమే గగనం. ఆ ఏడు చెల్లెలు, పాతికేళ్ళ ఉద్యోగం చాలని, ముందుగానే రిటైరవుతోంది. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో సభ. అక్క వచ్చి తన గురించి నాలుగు మాటలు చెప్పాలని పట్టుబట్టింది. టీచరు రెండు పేజీలు రాసుకుని, చదువుకుని, దిద్దుకుని సిద్ధంగా ఉంది. సరిగ్గా గురువారం కొండదారిలో వంతెన ఒక పక్కకు ఒరిగింది. దారి మూసేశారు. చుట్టూ తిరిగి వెళితే పదమూడు గంటలు. శనివారం పన్నెండింటి దాకా ఆమెకు పరీక్ష డ్యూటీ.

శుక్రవారం సాయంత్రం ఆమె వంటింట్లో నిలబడి చాలాసేపు కూరగాయలు తరిగింది, అవసరమైనదానికంటే ఎక్కువే. అత్తగారు చూసి చూసి, "అమ్మాయ్, ఆ క్యారెట్టేం చేసింది పాపం? వెళ్ళి వాణ్ణడుగు" అంది.

ఆమె ముందుగదిలోకి వెళ్ళింది. "మీ విమానంలో ఎంతసేపు పడుతుంది?"

ఆయన పేపరు దించాడు. ఎగిరి గంతేయాలని ఉన్నా ఆపుకున్నాడు. "గంటా పది నిమిషాలు" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. తరవాత మొహమాటపడుతూ, "నీ బరువెంత?" అని అడిగాడు.

"ఎందుకు?"

"లెక్క వేయాలి. మనిషి బరువు, సామాను, పెట్రోలు..."

"అరవై రెండు."

"టీచరమ్మా, ఇందులో అబద్ధం చెప్పకూడదు."

"...అరవై ఏడు."

ఆయన రాసిన లెక్కల కాగితం లాక్కుని ఆమె మళ్ళీ మొదటినుంచీ చేసింది. ఒక్క తప్పూ లేదు. కొంచెం నిరాశ కూడా కలిగింది.

శనివారం ఒంటిగంటకు షెడ్డు దగ్గర ఆమె మరో మనిషిని చూసింది. ఇంట్లో గ్యాసు కట్టేశాడో లేదో గుర్తుండని మనిషి, చేతిలో ఒక జాబితా పట్టుకుని, ఒక్కొక్క వరసా పైకి చదువుతూ విమానం చుట్టూ తిరిగాడు. రెక్క అంచు మీద అరచేయి రాసుకుంటూ నడిచాడు. రెక్క కింద ఒక గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి, వెలుతురుకెత్తి చూశాడు. అందులో నీటి చుక్కలున్నాయేమోనట. పుచ్చిన పన్ను ఎక్కడుందో వెతికే చూపే అది. రోజూ క్లినిక్కులో ఎలా ఉంటాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇలాగే ఉంటాడన్నమాట అనుకుంది.

లోపల కొత్త తోలు వాసన. ఆయన ఎర్ర పిడి చూపించి, తనకేమైనా అయితే దాన్ని రెండు చేతులతో గట్టిగా కిందికి లాగాలని ఆమెతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ప్రపంచం సద్దుమణిగింది. ఆయన గొంతు చెవిలో, పక్కనే, చాలా చిన్నగా వినిపించింది. "సరేనా?"

"పదండి, చూద్దాం."

రన్‌వే మీద విమానం పరుగు తీసింది. చక్రాల కింద గరగర ఉన్నట్టుండి మాయమైంది. అంతే. ఇంతకు ముందెక్కిన పెద్ద విమానాల్లో ఆమె కిటికీలోంచి రెక్కను మాత్రమే చూసింది. ఇక్కడ ముందూ పక్కలా అంతా అద్దమే. రెండు నిమిషాల్లో ఊరు కాళ్ళ కిందికొచ్చింది. బడి కనిపించింది. ఆటస్థలం మూలలో పిల్లలు అడ్డదారి తొక్కీ తొక్కీ వేసిన కాలిబాట సన్నగా, తెల్లగా ఉంది. సరిగ్గా లంబకోణ త్రిభుజంలో కర్ణం! ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీసి చెబుతున్నది పిల్లలు కాళ్ళతో చేసి చూపించారు. ఆమెకు పకపకా నవ్వొచ్చింది.

"ఏమైంది?"

"ఏం లేదు. మీరు ముందు చూసి నడపండి."

కింద రోడ్డు వంకరలు తిరుగుతూ సాగింది. ఒరిగిన వంతెన దగ్గర లారీలు పూసల్లా వరసగా ఆగి ఉన్నాయి. వాటి మీదుగా వెళ్ళిపోతుంటే ఆమెకు కాస్త సిగ్గుగానూ, చాలా సంతోషంగానూ అనిపించింది. ఎనిమిది నెలలు అనవసరంగా పోగొట్టుకున్నానని మనసులో లెక్క కూడా వేసుకుంది.

నలభై నిమిషాల తరవాత పెద్ద కొండలు దగ్గరపడ్డాయి. రెండు శిఖరాల మధ్య సందు లాంటి కనుమ, దాన్ని దాటితే చెల్లెలి ఊరు. ఆ కనుమలోకి మేఘం దిగి కూర్చుని ఉంది. పైనా తెలుపే, కిందా తెలుపే. మధ్యలో సన్నటి చీలిక ఒకటి, చూస్తుండగానే ఇరుకవుతూ, వెడల్పవుతూ. తెర మీద మాత్రం కొండలన్నీ గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, ఎత్తైనవి ఎరుపులో, తక్కువవి పసుపులో. మధ్య దారి నల్లగా, తిన్నగా.

డాక్టరు విమానం వేగం తగ్గించాడు. మేఘాల్లో దూరి పరికరాలు చూస్తూ నడపడానికి వేరే లైసెన్సు ఉంటుంది. ఆయనకది ఇంకా రాలేదు.

ఆమె గడియారం చూసింది. రెండున్నర దాటింది. చెల్లెలు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి కారులోకీ తొంగి చూస్తూ ఉంటుంది. బ్యాగులో రెండు పేజీలున్నాయి.

"తెర మీద దారి కనిపిస్తోంది కదండీ" అంది.

"కనిపిస్తోంది."

"ఆ సందులోంచి ఇంకొంచెం ముందుకెళ్ళి చూద్దామా? ఇంత దూరం వచ్చాక..."

నోట్లోంచి మాట వచ్చేశాక అది ఎవరి మాటో ఆమెకు తెలిసింది. అచ్చంగా ఆయన మాటే. ఇరవై ఆరేళ్ళు పక్కసీట్లో కూర్చుని విన్న మాట.

"వద్దు" అన్నాడాయన. "విమానం వెళ్ళగలదు. నేను వెళ్ళలేను."

రెక్క ఒకటి వంగింది. కనుమ, మేఘం, దాని వెనకున్న చెల్లెలి ఊరు మెల్లగా పక్కకు జరిగి, అద్దం చివరి నుంచి జారి వెనక్కి పోయాయి. మొగుడు వెనక్కి తిప్పాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు, మొహం చిన్నబుచ్చుకోలేదు. రేడియోలో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి, "కొండ కింద చిన్న రన్‌వే ఉంది, దిగి చూద్దాం" అన్నాడు.

 చెల్లెలి సభ పోయినందుకు ఆమెకు బాధేసింది. దానితో పాటే, ఇన్నేళ్ళుగా ఒంట్లో ఎక్కడో బిగబట్టుకున్నది వదులైనట్టు భుజాలు కిందికి దిగాయి. అలా కూర్చుని చాలా ఏళ్ళయింది.

అక్కడ రన్‌వే పక్కన రేకుల గది ఒకటి, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు. దాన్ని చూసుకునే పెద్దమనిషి టీ కెటిల్ పెట్టి ఎదురొచ్చాడు. "ఈ మధ్యాహ్నం వెనక్కొచ్చినవాళ్ళలో మీరు మూడోవారు" అన్నాడు, అదేదో బహుమతి ప్రకటిస్తున్నట్టు. "అయిదింటికల్లా మేఘం విడిపోతుందిలెండి. రోజూ చూస్తున్నదేగా."

"సభ నాలుగింటికి" అంది టీచరు. ఫోను తీసి చెల్లెలికి సంగతి చెప్పింది.

 "క్షేమంగా ఉన్నారుగా? అది చాలు. కానీ అక్కా, నువ్వు రాకపోతే నా గురించి మంచిగా అబద్ధాలు చెప్పేదెవరే?" అంది చెల్లెలు. వెనకాల ఎవరో ఏదో అన్నారు. చెల్లెలు మళ్ళీ లైన్లోకొచ్చి, "మా మేట్రన్ ఒక మాటంటోంది, ఉండు" అంది.

నర్సులందరికీ పెద్ద అయిన ఆ మేట్రన్ చెప్పిన ఉపాయం సులువైనదే. నాలుగూ ఇరవైకి ఆసుపత్రి హాల్లో మైకు ముందు ఒక ఫోను పెట్టారు. ఇక్కడ రేకుల గదిలో టీచరు లేచి నిలబడింది. ఎదురుగా జనం ఇద్దరే: కుర్చీ అంచున మొగుడు, కెటిల్ పక్కన పెద్దమనిషి. ఆమె రెండు పేజీలూ బయటికి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, చదవబోయి, వాటిని బల్ల మీద పెట్టేసింది.

"మా ఇంట్లో ఒక కుర్చీ ఉండేది" అని మొదలుపెట్టింది. "దాని కాలు విరిగింది. మా చెల్లికి అప్పుడు ఆరేళ్ళు. అమ్మది పాత దుప్పటి ఒకటి చింపి, చెల్లే దానికి కట్టు కట్టింది. అంతటితో ఊరుకుందా? మూడు వారాలు ఎవర్నీ దాని మీద కూర్చోనివ్వలేదు. మా నాన్న ఆ మూడు వారాలూ నేల మీద కూర్చునే భోంచేశాడు. కట్టు విప్పిన రోజు, నయమైందో లేదో చూడమని మొదట నన్ను కూర్చోబెట్టింది. నేను పడ్డాను. మీ దగ్గర ఆవిడ చేతిలో నయమైనవాళ్ళు వేలల్లో ఉంటారు. మొదటి కేసు మాత్రం ఫెయిలైంది. దానికి సాక్షిని నేనే."

ఫోనులోంచి హాలంతా నవ్విన చప్పుడు గలగలా వచ్చి రేకుల గదిని నింపింది. మధ్యలో చెల్లెలి నవ్వు విడిగా తెలిసింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు ఎగబీల్చే ఆ నవ్వు. టీచరు ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడింది. ముగించేసరికి పెద్దమనిషి చప్పట్లు కొడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకో టీ తాగుతారా అమ్మా?" అన్నాడు.  డాక్టరు తన కప్పు పక్కన మిగిలిన బిస్కట్టు ఆమె ముందుకు జరిపాడు.

అయిదుంపావుకు కనుమ తెరుచుకుంది. అంతకుముందక్కడ ఏమీ లేనట్టే తేటగా ఉంది. రెండు శిఖరాల మధ్య నుంచి దాటుతుంటే రాళ్ళ మీద సాయంత్రపు ఎండ రాగి రంగులో మెరిసింది. ఆయన ఎడమ పక్క చూపించాడు, ఆమె కుడి పక్క చూపించింది. పావుగంటలో దిగారు. ఫెన్సింగు అవతల, తెల్ల యూనిఫాం మార్చుకోకుండానే, చేతిలో కేకు పెట్టెతో చెల్లెలు నిలబడి ఉంది.

"బావగారూ, మా అక్కని విమానం ఎక్కించారంటే మీరు మామూలు మనిషి కాదు" అంది.

"ఎక్కించడం కాదమ్మా. మీ అక్క నన్ను దూసుకుపొమ్మంది. నేనే ఆపాను."

"అబద్ధం!" అంది చెల్లెలు. అక్క మొహం చూసి, "నిజమేనా?" అంది. టీచరు కేకు పెట్టె తెరిచి చూసే పనిలో పడిపోయింది.

ఆ రాత్రి అక్కాచెల్లెళ్ళు ఒకే గదిలో పడుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇంట్లో ఒకటే మాటలు, మిగిలిన కేకు. బయల్దేరేటప్పుడు ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "మళ్ళీ ఎప్పుడే?" అని చెల్లెలు ప్రతిసారీ లాగే అడిగింది. ప్రతిసారీ "వేసవి సెలవులకి చూద్దాం" అనే అక్క, మొగుడి వైపు చూసి, "వచ్చే శనివారం కాక పై శనివారం, ఆకాశం బాగుంటే" అంది.

తిరుగు ప్రయాణంలో గాలి నిలకడగా ఉంది. ఆటోపైలట్ తన పని తాను చేసుకుపోతుంటే డాక్టరు చేతులు ఒళ్ళో పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. కొండలు దాటాక ఉత్తరాన, అడవి మధ్యలో, ఏదో తళుక్కుమంది.

"అదేంటండీ? చెరువా?"

ఆయన తెర మీద వెతికాడు. "పేరేమీ రాసి లేదు."

"ఎంత దూరం?"

"పది నిమిషాలుంటుంది. మన దారి కాదు."

"పెట్రోలు?"

ఆయన చూశాడు. ఆమె కూడా వంగి చూసి, మనసులో భాగించి, సరిపోతుందని తల ఊపింది.

"ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నాడాయన. "తనని తీసుకెళ్ళకుండా తిరిగామని తెలిస్తే అలుగుతుంది."

"చెప్పకండి మరి" అంది ఆమె, సీటు కాస్త ముందుకు జరుపుకుంటూ. "తిప్పండి."